షంటింగ్ ఇంజను – దాని చిన్న నమూనా

రైలు స్టేషనుకు పోయినవారి చూపు సాధారణంగా మెయిలు బండిని లాగుకొని వచ్చే పెద్ద ఇంజను మీదనే నిలుస్తుంది. కొంత దూరంలో, గూడ్సు షెడ్డు ప్రక్కన, నాలుగు పెట్టెలను ముందుకు నెట్టి, రెండింటిని అక్కడ వదలి, మరి రెండింటిని తగిలించుకొని వెనుకకు వచ్చే చిన్న ఇంజనును ఎవరూ అంతగా పట్టించుకోరు. అది ఏ ఊరికీ పోదు. టైంటేబిల్లులో దానికి చోటు లేదు. తెల్లవారినప్పటినుండి ప్రొద్దుగూకేవరకు తిరిగినా అది ఉండేది ఆ యార్డులోనే. మనదేశంలో దానిని షంటింగ్ ఇంజను అంటారు. అమెరికాలో దాని పేరు స్విచర్.

అయితే చిన్న నమూనా రైళ్ళను తయారుచేసి నడపడం వేడుకగా పెట్టుకొన్నవారిని అడిగితే, వారిలో చాలమంది ముందుగా చూపించేది ఈ చిన్న ఇంజనునే. మైళ్ళకొలది పరుగెత్తే ఇంజనుకు నమూనా చేస్తే దానిని నడపడానికి పెద్ద గది కావాలి. షంటింగ్ ఇంజనుకు ఒక బల్ల చాలు. పెద్ద ఇంజను గుండ్రంగా తిరిగి మొదటికి వస్తుంది; చిన్న ఇంజనుకు ప్రతి నిమిషం ఒక పని, ప్రతి పనిలో ఒక చిక్కు ఉంటాయి. ఆ చిక్కులో యంత్రశాస్త్రం ఉన్నది, విద్యుచ్ఛాస్త్రం ఉన్నది, గణితం కూడ ఉన్నది. దాని వెనుక మనుషుల ప్రాణాలకు సంబంధించిన చరిత్ర ఒకటి ఉన్నది.

యార్డులో జరిగే పని

గూడ్సు బండిలో అన్ని పెట్టెలు ఒకే ఊరికి పోకపోవచ్చు. ఒకదానిలో బొగ్గు, ఒకదానిలో ధాన్యం, మరొకదానిలో సిమెంటు ఉండి, ఒక్కొక్కటి ఒక్కొక్క చోటికి పోవలసి ఉంటుంది. వచ్చిన బండిని విడదీసి, ఒకే దిక్కుకు పోయే పెట్టెలను ఒకచోట చేర్చి, ముందు దిగవలసిన పెట్టె అందుబాటులో ఉండే విధంగా వరుస కూర్చాలి. ఈ పనియే షంటింగ్. ఉత్తరాలను ఊళ్ళవారీగా గళ్ళలో వేసే పోస్టాఫీసు పనికి ఇది పోలినది. భేదమల్లా ఒక్కొక్క ఉత్తరం ఇరవై, ముప్ఫై టన్నుల బరువు ఉండటమే. పైగా దానిని ఎత్తి ప్రక్కన పెట్టడానికి వీలులేదు. పట్టాల మీదనే ముందుకో, వెనుకకో జరపాలి.

ఈ పనికి వేగం అక్కరలేదు, బలం కావాలి. అందుచేత ఆవిరి యుగంలో షంటింగ్ ఇంజనుకు చిన్న చక్రాలు పెట్టేవారు. మెయిలు ఇంజనుకు ముందు, వెనుక బరువు మోయడానికి, దారి చూపడానికి అదనపు చక్రాలుంటాయి. వాటిమీద పడిన బరువు లాగడానికి ఉపయోగపడదు. షంటింగ్ ఇంజనుకు అట్టి చక్రాలు లేవు. నాలుగో, ఆరో ఉన్న చక్రాలన్నీ త్రిప్పబడే చక్రాలే. ఇంజను బరువంతా పట్టాను పట్టుకొనడానికే వినియోగపడుతుంది. పొడి పట్టాల మీద ఉక్కు చక్రం జారకుండా లాగగల బలం, దానిమీది బరువులో సుమారు నాలుగవ వంతు ఉంటుంది. కనుక 90 టన్నుల ఇంజను ఇరవై టన్నులకు పైగా బలంతో లాగగలదు.

చేతివ్రేళ్ళు పోయిన కాలం

పెట్టెలను తగిలించి విడదీసే పని ఒకప్పుడు అత్యంత ప్రమాదకరంగా ఉండేది. 19వ శతాబ్దంలో అమెరికా రైళ్ళలో రెండు పెట్టెలను ఒక ఇనుప లంకెతోను, ఒక చీలతోను కలిపేవారు. పెట్టె దొర్లుకొని వస్తూ ఉండగా పనివాడు రెండింటి మధ్య నిలబడి, లంకెను చేతితో ఎత్తి, అవతలి పెట్టె రంధ్రంలోనికి సరిగా పోయే విధంగా పట్టుకొని, చీల దింపాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే చేయి నలిగిపోయేది. అడుగు తప్పితే ప్రాణమే పోయేది. ఒకటి రెండు వ్రేళ్ళు లేకపోవడం ఆ పనిలో ఉన్నవాని గుర్తుగా లోకం భావించేది.

వర్జీనియా రాష్ట్రంలో బట్టల కొట్టులో గుమాస్తాగా పనిచేసిన ఈలై జానీ ఈ సమస్యను గురించి ఆలోచించాడు. ఆయన ఇంజనీరు కాడు. రెండు చేతుల వ్రేళ్ళను వంచి ఒకదానిలో ఒకటి తగిలిస్తే ఏర్పడే పట్టు వంటిది ఇనుముతో చేయవచ్చునని ఆయనకు తోచినది. చాకుతో చెక్కను చెక్కి ముందుగా ఒక నమూనా తయారుచేశాడు. 1873లో దానికి పేటెంటు లభించినది. జానీ కప్లరు రెండు పెట్టెలు ఒకదానికొకటి తాకగానే తనంతట తాను బిగుసుకొంటుంది. విడదీయడానికి పెట్టె ప్రక్కన నిలబడి ఒక మీటను ఎత్తితే చాలు. మనిషి మధ్యకు పోవలసిన పని లేదు.

సాధనం దొరికినా రైలు కంపెనీలు దానిని వెంటనే స్వీకరించలేదు. లక్షలకొలది పెట్టెలకు మార్పు చేయడానికి ఖర్చు అవుతుంది. అయోవా రాష్ట్రానికి చెందిన లోరెంజో కాఫిన్ అనే రైతు 1874లో ఒక రైల్వే పనివాని వ్రేళ్ళు నలిగిపోవడం కళ్ళారా చూశాడు. అప్పటినుండి సంవత్సరాల తరబడి సభలలో మాట్లాడి, పత్రికలకు వ్రాసి, శాసనసభ్యులను కలుసుకొని ఈ మార్పు కోసం పోరాడాడు. చివరకు 1893 మార్చి 2వ తేదీన అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ రైల్వే భద్రతా సాధనాల చట్టంపై సంతకం చేశాడు. తమంతట తాము తగులుకొనే కప్లర్లు, గాలి బ్రేకులు విధిగా ఉండాలని ఆ చట్టం నిర్దేశించినది. 1900 నాటికి అది పూర్తిగా అమలులోనికి వచ్చి, పెట్టెలు తగిలించేటప్పుడు జరిగే ప్రమాదాలు బాగా తగ్గిపోయినవి. ఇన్ని చేతులను కాపాడిన సాధనం మొదట ఒక చెక్క బొమ్మ అన్న సంగతి గుర్తుంచుకోదగినది.

డీసెలు ఇంజను ముందుగా యార్డుకే వచ్చినది

ఆవిరి ఇంజను పని లేకపోయినా తింటుంది. యార్డులో గంటలతరబడి ఊరక నిలబడినా బాయిలరు క్రింద నిప్పు ఆరకూడదు. నీరు పట్టాలి, బూడిద తీయాలి. పట్టణం మధ్యలో ఉంటే పొగ బాధ వేరే. న్యూయార్కు నగరంలో ఆవిరి ఇంజనులను మాన్పించడానికి 1923లో ఒక చట్టం చేశారు. అందుకని రైలు కంపెనీలు మరొక మార్గం వెదకవలసి వచ్చినది.

1925లో అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ పెట్టెను, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ విద్యుత్పరికరాలను, ఇంగర్‌సాల్-రాండ్ కంపెనీ డీసెలు యంత్రాన్ని సమకూర్చగా 300 అశ్వశక్తి గల ఒక చిన్న ఇంజను తయారైనది. దాని బరువు 60 టన్నులు. సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ దానిని కొని 1000 అనే సంఖ్య ఇచ్చి, న్యూయార్కులోని బ్రాంక్స్ యార్డులో పనిలో పెట్టినది. వ్యాపారరీత్యా విజయం సాధించిన తొలి డీసెలు-విద్యుత్ ఇంజనుగా దానిని చెబుతారు. అది 1957 వరకు పనిచేసినది. ఆ తరువాత దానిని బాల్టిమోరు నగరంలోని రైల్వే మ్యూజియంలో భద్రపరచారు.

దాని పేరులో విద్యుత్తు అన్న మాట ఎందుకు వచ్చినది? డీసెలు యంత్రం భారం మీద ఉండగా తనంతట తాను కదలి బయలుదేరలేదు. కొంత వేగంతో తిరుగుతున్నప్పుడే అది శక్తి ఇస్తుంది. విద్యుత్ మోటారు స్వభావం ఇందుకు భిన్నం. రైలు ఇంజనులలో వాడే మోటారు నిలిచి ఉన్న స్థితిలోనే అత్యధికంగా త్రిప్పే బలం చూపుతుంది. అందుచేత డీసెలు యంత్రం ఒక జనరేటరును త్రిప్పుతుంది, ఆ కరెంటు చక్రాల వద్ద ఉన్న మోటార్లను త్రిప్పుతుంది. మాటిమాటికి ఆగి బయలుదేరవలసిన షంటింగ్ పనికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు లేదు. ఈ కారణంచేతనే మెయిలు బండ్లకంటె ముందు యార్డులలో డీసెలు స్థిరపడినది.

తరువాత వచ్చినవాటిలో ఒక ఇంజను రూపం వింత కారణంగా ఏర్పడినది. 1937లో అమెరికా రైలు కంపెనీలకు, కార్మిక సంఘాలకు ఒక ఒప్పందం జరిగినది. దాని ప్రకారం త్రిప్పే చక్రాల మీద 90,000 పౌన్లు, లేదా అంతకు మించి బరువు ఉన్న డీసెలు ఇంజనులో డ్రైవరుతోపాటు ఫైర్‌మన్ కూడ ఉండాలి. ఆ తరువాత జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 44 అమెరికను టన్నుల ఇంజనును తయారుచేసినది. అనగా 88,000 పౌన్లు; మన లెక్కలో సుమారు 40 టన్నులు. హద్దుకు కొద్దిగా లోపల ఆగినదన్న మాట. నిప్పు లేని ఇంజనులో ఫైర్‌మన్ అవసరమా అన్న వివాదానికి ఈ ఇంజను ఇనుప సాక్ష్యంగా నిలిచినది. మధ్యలో గది, అటు ఇటు రెండు పొట్టి ముక్కులు గల దాని ఆకారం నమూనాలు చేసేవారికి చాల ఇష్టమైనది.

బల్లమీది పట్టాలు

బొమ్మ రైళ్ళు పిల్లల ఆటవస్తువులుగా చాలకాలంనుండి ఉన్నవి. 1891లో జర్మనీలోని మార్క్లిన్ కంపెనీ లైప్జిగ్ సంతలో పట్టాలతో సహా ఒక బొమ్మ రైలును ప్రదర్శించి, పట్టాల వెడల్పులకు కొన్ని ప్రమాణాలు ఏర్పరచినది. వాటివల్ల ఒకసారి కొన్న పట్టాల మీద తరువాత కొన్న ఇంజను కూడ నడపడం సాధ్యమైనది. క్రమంగా బొమ్మలు చిన్నవైనవి. అసలు వస్తువులో 87వ వంతు ఉండే కొలత ప్రపంచమంతటా ఎక్కువ ప్రచారం పొందినది. దానిని హెచ్‌ఓ కొలత అంటారు. అందులో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దీనిని 87 చేత గుణిస్తే 1435 మిల్లీమీటర్లకు కొద్దిగా ఎక్కువ వస్తుంది. అమెరికా, ఐరోపాలలో వాడుకలో ఉన్న పట్టాల వెడల్పు అదే.

మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దానిని 87 చేత భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. కనుక భారతీయ ఇంజనుకు ఈ కొలతలో నమూనా చేసి బజారులో దొరికే పట్టాల మీద నడిపేవారికి సుమారు 3 మిల్లీమీటర్ల తేడాతో రాజీపడక తప్పదు. లేదా పట్టాలను తామే తయారుచేసుకోవాలి.

1934లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఎ. సి. కామ్‌బాక్ ఈ వేడుక కోసం ఒక మాసపత్రికను ప్రారంభించాడు. మరుసటి సంవత్సరం అదే నగరంలో నమూనా రైళ్ళవారి జాతీయ సంఘం ఏర్పడినది. చక్రాల అంచు ఎంత లోతు ఉండాలి, పట్టాల మధ్య ఖాళీ ఎంత ఉండాలి అన్న కొలతలను సంఘం నిర్ణయించినది. ఒక కంపెనీ ఇంజను మరొక కంపెనీ పట్టాల మీద నడవడానికి ఈ ప్రమాణాలే ఆధారం.

నెమ్మదిగా నడపడం ఎందుకు కష్టం?

చిన్న ఇంజనును వేగంగా పరుగెత్తించడం సులభం. నెమ్మదిగా నడపడమే కష్టం. అసలు షంటింగ్ ఇంజను గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. అందులో 87వ వంతు అంటే సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు. అంత నిదానంగా నడవాలంటే మోటారుకు అతి తక్కువ వోల్టేజి ఇవ్వాలి. అయితే నిలిచి ఉన్న యంత్రంలోని రాపిడి, కదులుతున్న యంత్రంలోని రాపిడికంటె ఎక్కువ. వోల్టేజిని కొంచెం కొంచెంగా పెంచుకొంటూ పోతే మొదట ఇంజను కదలదు. కదలినదా, ఒక్క ఉదుటున గెంతుతుంది.

బరువు మరొక చిక్కు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87వ వంతు అయితే, ఘనపరిమాణం 87×87×87, అనగా 6,58,503వ వంతు అవుతుంది. 90 టన్నుల ఇంజను నమూనా ఈ లెక్కన 137 గ్రాములే ఉండాలి. అంత తేలిక వస్తువు పట్టాను గట్టిగా పట్టుకోలేదు. చక్రాలకు, పట్టాలకు మధ్య కొద్దిపాటి దుమ్ము ఉన్నా కరెంటు తెగిపోతుంది. పొడవైన ఇంజనుకు చక్రాలు ఎక్కువ, కనుక ఏదో ఒకటి పట్టాను అంటిపెట్టుకొని ఉంటుంది. నాలుగు చక్రాల షంటింగ్ ఇంజనుకు ఆ అవకాశం తక్కువ. అందువల్ల ఇంజను లోపల ఖాళీ ఉన్న ప్రతిచోట సీసం ముక్కలు నింపుతారు.

అన్నిటికంటె ఆసక్తికరమైనది జడత్వాన్ని గురించిన చిక్కు. ఇంజను నెట్టి వదలిన పెట్టె కొంతదూరం తనంతట తాను దొర్లిపోతుంది. దొర్లే దూరాన్ని, వేగం వర్గాన్ని నిరోధ గుణకం, భూమ్యాకర్షణ త్వరణాల లబ్ధానికి రెట్టింపు చేత భాగించి కనుగొనవచ్చు. నిరోధ గుణకం 0.005 అనుకొంటే, సెకనుకు 2 మీటర్ల వేగంతో వదలిన అసలు పెట్టె సుమారు 41 మీటర్లు దొర్లుతుంది. నమూనాలో ఇది 87వ వంతు, అనగా 47 సెంటీమీటర్లు కావాలి. కాని నమూనా పెట్టె వేగం కూడ 87వ వంతే గదా! వేగం వర్గం 7,569వ వంతుకు దిగిపోతుంది. భూమ్యాకర్షణ మాత్రం తగ్గదు. లెక్క చేస్తే నమూనా పెట్టె 5 మిల్లీమీటర్లు దొర్లి ఆగుతుందని తేలుతుంది. చిన్న ఇరుసులలో రాపిడి ఇంకా ఎక్కువ కనుక నిజానికి అంత కూడ దొర్లదు. వస్తువు ఆకారాన్ని తగ్గించవచ్చునుగాని ప్రకృతి నియమాలను తగ్గించలేము.

ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికి మోటారు ఇరుసుకు బరువైన చిన్న చక్రాలను బిగించారు. కరెంటు ఒక క్షణం తెగినా అవి తిరుగుతూ ఇంజనును ముందుకు జరుపుతవి. కరెంటును నిలకడగా కాక చిన్న చిన్న తునకలుగా పంపితే, ఒక్కొక్క తునక మోటారును కొద్దికొద్దిగా నెట్టి, గెంతు లేకుండా కదిలిస్తుందని కూడ కనుగొన్నారు. 1990లలో సంఘం ఆమోదించిన అంకాత్మక పద్ధతిలో ప్రతి ఇంజనులోను ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. పట్టాలలో కరెంటు ఎల్లప్పుడు ఉంటుంది. దానితోపాటు సంకేతాలు కూడ పోతవి. తన సంఖ్యకు వచ్చిన సంకేతాన్ని మాత్రమే ఇంజను పాటిస్తుంది. కనుక ఒకే పట్టా మీద రెండు ఇంజనులను వేరువేరుగా నడపవచ్చు. జర్మనీకి చెందిన బెర్న్‌డ్ లెంజ్ రూపొందించిన విధానం దీనికి ఆధారం.

చేయి తగలకుండా

బొమ్మ రైలులో పెట్టెలను విడదీయడానికి మొదట్లో చేతినే వాడేవారు. ఆకాశంనుండి ఒక పెద్ద చేయి దిగి పెట్టెను ఎత్తితే, యార్డు యార్డుగా కనిపించదు. కీత్, డేల్ ఎడ్వర్డ్స్ అనే కవల సోదరులు దీనికి పరిష్కారం కనుగొన్నారు. వారి పేర్లలోని మొదటి అక్షరాల నుండే వారి కంపెనీకి కేడీ అన్న పేరు వచ్చినది. వారి కప్లరు జానీ కప్లరు ఆకారంలోనే ఉంటుంది. దాని క్రిందుగా, గాలి బ్రేకు గొట్టంవలె కనిపించే ఒక ఉక్కు తీగ వ్రేలాడుతుంది. పట్టాల మధ్య ఒక అయస్కాంతం ఉంటుంది. దానిమీదికి వచ్చి ఇంజను ఆగి కొద్దిగా సడలినప్పుడు, రెండు తీగలు చెరొక ప్రక్కకు లాగబడి కప్లర్లు తెరచుకొంటవి. అప్పుడు ఇంజను పెట్టెను నెట్టుకొంటూ ఎంతదూరమైనా పోయి, కావలసినచోట వదలి వెనుకకు రావచ్చు. అసలు రైలులో చేయి నలగకుండా చేసిన ఆకారమే, బొమ్మ రైలులో చేయి తగలవలసిన అవసరం లేకుండా చేసినది.

జాన్ ఆలెన్ పెట్టిన పందెం

ఈ వేడుక చరిత్రలో కాలిఫోర్నియాలోని మాంటెరీ పట్టణానికి చెందిన జాన్ ఆలెన్ పేరు ప్రసిద్ధమైనది. వృత్తిరీత్యా ఫోటోగ్రాఫరు. 1946లో ఆరంభించి, తన ఇంటిలో కొండలు, లోయలు, వంతెనలు గల ఒక రైలు లోకాన్ని ఆయన నిర్మించాడు. నేలనుండి పైకప్పువరకు లేచిన కొండలను తన కెమెరాతో తానే ఫోటోలు తీసి పత్రికలలో ప్రకటించాడు. ఆయనకు హాస్యప్రియత్వం కూడ ఎక్కువ. ఆ రైలు మార్గంలో షంటింగ్ చేయడానికి 13వ నంబరుగల ఎమ్మా అనే ఒక ‘ఇంజను’ ఉండేది. అది యంత్రం కాదు. వీపుమీద పలకలు గల స్టెగోసారస్ అనే పురాతన జంతువు బొమ్మ!

ఆలెన్ ఒక చిన్న పలక మీద ఐదు పాయింట్లు, కొన్ని పొట్టి సైడింగులు అమర్చి, వచ్చిన స్నేహితులకు పందెం పెట్టేవాడు. ఒక షంటింగ్ ఇంజను, ఐదు పెట్టెలు. ప్రతి పెట్టెను నిర్ణయించిన చోటికి చేర్చాలి. ఎవరు తక్కువ కాలంలో చేర్చితే వారిది గెలుపు. చోటు చాలదు కనుక ఒక పెట్టెను పెట్టాలంటే ముందు మరొకదానిని తీయాలి, దానిని ఉంచడానికి ఇంకొకదానిని జరపాలి. దీనికి ఆయన టైమ్‌సేవర్ అని పేరు పెట్టి 1972లో పత్రికలో వివరించాడు. 1973 జనవరిలో ఆయన మరణించాడు. కొద్ది రోజులకే ఆ ఇంటిలో నిప్పు రాజుకొని ఇరవై ఏళ్ళకు పైబడిన శ్రమలో అధికభాగం కాలిపోయినది. కొండలు, వంతెనలు ఫోటోలలో మాత్రమే మిగిలినవి. కాని ఆ చిన్న పలక మీది చిక్కును నేటికీ దేశదేశాలలో క్రొత్తగా నిర్మించి ఆడుతున్నారు.

సైడింగు నేర్పే లెక్క

ఇంగ్లండుకు చెందిన అలన్ రైట్ దీనికంటె సులభంగా కనిపించే మరొక చిక్కును రూపొందించాడు. దాని పేరు ఇంగిల్‌నుక్. ఇందులో మూడు సైడింగులు మాత్రమే ఉంటవి. ఒకదానిలో ఐదు పెట్టెలు, తక్కిన రెండింటిలో మూడేసి పెట్టెలు పట్టును. మూడూ కలిసే దారిలో ఇంజనుతోపాటు మూడు పెట్టెలకు చోటు ఉంటుంది. మొత్తం పెట్టెలు ఎనిమిది. చీట్లు తీసి ఐదు పెట్టెలను, వాటి వరుసను నిర్ణయించి, ఆ వరుసలోనే వాటిని పొడవైన సైడింగులో కూర్చాలి. మొదటి స్థానానికి ఎనిమిదింటిలో ఏదైనా రావచ్చు, రెండవదానికి మిగిలిన ఏడింటిలో ఏదైనా రావచ్చు. ఈ విధంగా 8×7×6×5×4 = 6,720 వరుసలు సాధ్యం. రోజుకు ఒకటి చొప్పున ఆడినా అన్నింటికీ పద్ధెనిమిదేళ్ళకు పైగా పడుతుంది. పెట్టెలు ఎన్ని ఉంటే, చోటు ఎంత ఉంటే ఏ వరుసనైనా తప్పక సాధించవచ్చు అన్న ప్రశ్నను గణితవేత్త సైమన్ బ్లాక్‌బర్న్ 2019లో ఒక వ్యాసంలో పరిష్కరించాడు. ఆటవస్తువునుండి పుట్టిన ప్రశ్న గణితపత్రికకు ఎక్కినదన్న మాట.

ఒక వైపు మూసి ఉన్న సైడింగు స్వభావాన్ని ఇంకా సులభంగా పరీక్షించవచ్చు. 1, 2, 3 అనే పెట్టెలు అదే వరుసలో వస్తున్నవి. ఒక్కొక్కటి సైడింగులో కొంతసేపు ఆగవచ్చు, లేదా తిన్నగా బయటికి పోవచ్చు; బయటికి పోయినది తిరిగి రాకూడదు. మూడు పెట్టెలకు మొత్తం ఆరు వరుసలు ఉన్నవి గదా, వాటిలో ఎన్ని సాధ్యం? ఐదు మాత్రమే. 3, 1, 2 అన్న వరుస రాదు. ఎందుకనగా 3 ముందుగా బయటికి రావాలంటే 1, 2 రెండూ అప్పటికే సైడింగులో ఉండాలి. చివర చేరిన 2 అడ్డుగా ఉండగా లోపల ఉన్న 1 ముందు రాలేదు. నాలుగు పెట్టెలైతే 24 వరుసలలో 14, ఎనిమిది పెట్టెలైతే 40,320 వరుసలలో 1,430 మాత్రమే సాధ్యం.

ఆఖరున చేరినది ముందుగా బయటికి రావడం అన్న ఈ నియమం కంప్యూటరు శాస్త్రంలో ఎంతో ముఖ్యమైనది. 1968లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథం మొదటి సంపుటంలో డొనాల్డ్ కనూత్ ఈ విషయాన్ని వివరించడానికి రైలు సైడింగునే ఉదాహరణగా తీసుకొన్నాడు.

కంప్యూటరుకు, బొమ్మ రైలుకు సంబంధం పుస్తకంలోనే కాదు, మనుషులలో కూడ ఉన్నది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 1946లో విద్యార్థులు ఒక నమూనా రైలు క్లబ్బును స్థాపించారు. కొందరు సభ్యులు కొండలకు రంగులు వేస్తూ ఉండేవారు. మరికొందరు బల్ల క్రిందికి దూరి, టెలిఫోను కార్యాలయాలలో వాడే రిలేలతో పాయింట్లను, కరెంటును అదుపుచేసే జాలాన్ని అల్లుతూ ఉండేవారు. ఆ బల్ల క్రింద పనిచేసినవారిలో పలువురు 1950ల చివర ఆ సంస్థకు వచ్చిన కంప్యూటర్ల వద్దకు చేరారు. 1962లో అక్కడ తయారైన స్పేస్‌వార్ అనే కంప్యూటరు ఆటలో ఆ క్లబ్బు సభ్యుల పాత్ర ముఖ్యమైనది. ఆ ఆటకు కావలసిన మీటల పెట్టెలను క్లబ్బులో పడి ఉన్న విడిభాగాలతోనే చేసుకొన్నారు.

తగ్గిపోతున్న పని

లారీలు, కంటైనర్లు వచ్చిన తరువాత ఒక్కొక్క పెట్టెను వేరుగా పంపే పద్ధతి తగ్గిపోయినది. మనదేశంలో కూడ 1980లనుండి బయలుదేరిన చోటినుండి చేరవలసిన చోటివరకు గూడ్సు బండి మొత్తాన్ని విడదీయకుండా నడిపే విధానం బలపడినది. దానితో ఎన్నో పెద్ద యార్డులలో పెట్టెలను వరుస కూర్చే పని నిలిచిపోయినది. చిత్తరంజన్ కర్మాగారం 1960ల చివర మన రైల్వేల కోసం డీసెలు షంటింగ్ ఇంజనులను తయారుచేయసాగినప్పుడు, ఆ పని ఇంత త్వరలో తగ్గుతుందని అనుకొన్నవారు తక్కువ. జెండా ఊపి, ఈల ఊది, నాలుగు గజాల దూరాన్ని కంటితోనే కొలిచి డ్రైవరుకు చెప్పిన పాయింట్స్‌మన్ నేర్పు పుస్తకాలలో వ్రాయబడలేదు. చేసినవారి చేతులలో మాత్రమే అది ఉండేది.

అట్టి నేర్పులో కొంత భాగాన్నైనా ఈ చిన్న ఇంజనును నడిపేవారు మళ్ళీ నేర్చుకొంటున్నారు. ఏ పెట్టెను ముందు తీయాలి, దేనిని ఎక్కడ నిలపాలి, ఎన్ని మార్లు వెనుకకు రావాలి అన్న ఆలోచన బల్లమీద కూడ యార్డులోని ఆలోచనయే.

దీనికోసం ఖరీదైన ఇంజను కొనవలసిన పని లేదు. తరగతి గది నేలమీద సుద్దతో మూడు సైడింగులు గీసి, ఎనిమిది అగ్గిపెట్టెలమీద అంకెలు వ్రాసి, తొమ్మిదవదానిని ఇంజనుగా పెట్టుకొంటే ఇంగిల్‌నుక్ సిద్ధమవుతుంది. ఒక నియమం తప్పనిసరి: పెట్టెను చేతితో ఎత్తి ప్రక్కన పెట్టకూడదు, గీతమీద ఇంజను లాగినప్పుడో, నెట్టినప్పుడో మాత్రమే అది కదలాలి. ఒక విద్యార్థి ఆడుతూ ఉండగా మరొకడు ఎత్తులు లెక్కపెట్టాలి. అదే వరుసను ఇంతకంటె తక్కువ ఎత్తులలో సాధించగలవారు తరగతిలో ఇంకెవరైనా ఉన్నారేమో చూడవచ్చు.